ఆకాశంలో మెట్లు కనిపిస్తున్నాయా? లినక్స్‌లో కలర్ డెప్త్ సరిచూసుకుందాం

ఈరోజు లినక్స్ డెస్క్‌టాప్‌లో కలర్ డెప్త్ సంగతి. పేరు వింటే మనకెందుకులే అనిపిస్తుంది. ఒక పని చేయండి. తెల్లారేటప్పుడు కృష్ణపట్నం వైపు తీసిన సముద్రం ఫోటో ఏదన్నా ఫోన్‌లో ఉంటే, దాన్ని లాప్‌టాప్‌లో తెరవండి. ఫోన్‌లో నున్నగా కలిసిపోయిన ఆకాశం ఇక్కడ మెట్లు మెట్లుగా, చారలు చారలుగా కనిపించిందనుకోండి, దాన్నే బ్యాండింగ్ అంటారు.

అందం ఒక్కటే అయితే వదిలేయొచ్చు. మా ముత్తుకూరు చుట్టుపక్కల రొయ్యల గుంటలున్నోళ్లు నీళ్ల రంగు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి "ఎట్టుండాది చూడు" అంటారు. పచ్చగా ఉన్న నీళ్లు గోధుమ రంగుకి తిరుగుతున్నాయా అన్నది ఆ మధ్య ఛాయల్లోనే తెలిసేది. అవతలాయన స్క్రీన్ ఆ ఛాయల్నే మింగేస్తే? లక్షలు పోసిన పంట అది. అసలు ఫోటో చూసి జబ్బు తేల్చడమే నేను ఒప్పుకోను. నీళ్లు, రొయ్యలు ల్యాబ్‌కి పట్టుకెళ్లాల్సిందే. ఫిషరీ కాలేజీ ఉన్న ఊరు మనది, అడిగితే చెప్పేవాళ్లకి కొదవ లేదు.

సరే, లెక్క చూద్దాం. 24 బిట్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 8 బిట్లు, అంటే 256 మెట్లు. మొత్తం 1,67,77,216 రంగులు. 16 బిట్‌లో ఎరుపుకి 32 మెట్లు, నీలానికి 32, ఆకుపచ్చకి 64. మొత్తం 65,536 రంగులే. ఆకాశంలో చారలు వచ్చేది ఇందుకే. కొన్ని చోట్ల 32 అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు. రంగు 24 బిట్లదే, మిగతా 8 ఖాళీగానో పారదర్శకత కోసమో ఉంటాయి.

సెట్టింగ్స్ మీద పడేముందు తప్పు ఎక్కడుందో చూడాలి. చారలు ఫోన్‌లో కూడా ఉన్నాయా? అయితే ఫైల్‌లోనే ఉన్నాయి. వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది కదా, డాక్యుమెంట్‌గా పంపించమనండి. ఫోన్‌లో బాగుండి లాప్‌టాప్‌లోనే ఉంటే, లాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాన్ని ఫోన్‌లో చూడండి. స్క్రీన్‌షాట్‌లో కూడా చారలుంటే డెస్క్‌టాప్ తగ్గించి చూపిస్తోంది. స్క్రీన్‌షాట్ నున్నగా ఉంటే గొడవ ప్యానెల్‌ది. తక్కువ ధర ప్యానెల్స్ చాలావాటికి నిజంగా ఉండేది రంగుకి 6 బిట్లే, మిగతాది చుక్కలు కలిపి మేనేజ్ చేస్తాయి. దానికి ఏ కమాండూ మందు కాదు.

డెస్క్‌టాప్‌దే అని తేలిందా? టెర్మినల్ తెరవండి. ఎకో, స్పేస్, డాలర్, ఎక్స్‌డీజీ అండర్‌స్కోర్ సెషన్ అండర్‌స్కోర్ టైప్. ఎకో తర్వాత అన్నీ పెద్దక్షరాలు. ఎక్స్11 అని వస్తే, ఎక్స్‌డీపీవైఇన్ఫో కొట్టి "డెప్త్ ఆఫ్ రూట్ విండో" అన్న లైన్ చూడండి. 24 ఉండాలి. వేలాండ్ అని వస్తే ఆ లైన్‌ని నమ్మకండి, అక్కడ రంగుల పని నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాపే సొంతంగా చూసుకుంటుంది.

ఎక్స్11లో 16 వచ్చిందంటే ఎవరో ఎప్పుడో ఫైల్ పెట్టుంటారు. గ్రెప్ మైనస్ ఆర్ డీఫాల్ట్‌డెప్త్, స్లాష్ ఈటీసీ స్లాష్ ఎక్స్11. దొరికిన ఫైల్‌కి ముందు కాపీ తీసుకుని, స్క్రీన్ సెక్షన్‌లో 16ని 24 చేసి, రీస్టార్ట్ చేయండి. ఎక్స్‌ర్యాండ్ఆర్‌తో అప్పటికప్పుడు మార్చేద్దాం అంటే కుదరదు, అది సైజు, రిఫ్రెష్ మారుస్తుంది గానీ డెప్త్ మార్చదు.

"అన్నా, 30 పెడితే ఇంకా బాగుంటుంది కదా?" 30 అంటే రంగుకి 1024 మెట్లు, నిజమే. కానీ మానిటర్, గ్రాఫిక్స్ కార్డ్, యాప్ మూడూ ఒప్పుకోవాలి. జేపెగ్ ఫోటోలో ఉండేది ఎట్టాగూ 8 బిట్లే. కొన్ని యాప్‌లైతే 30లో రంగులు తలకిందులు చేస్తాయి. దీనికోసం కొత్త మానిటర్ కొనొద్దు. సరదాకి పెట్టి చూశాక స్క్రీన్ నల్లగా ఉండిపోతే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లాగిన్ అయి పాత కాపీని మళ్లీ పెట్టేయండి.

ఇంకోటి. డెప్త్ సరిగ్గా ఉన్నా రంగు పచ్చగానో పసుపుగానో తేడాగా కనిపిస్తే అది డెప్త్ పని కాదు. ముందు నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి, ఆ తర్వాత కలర్ ప్రొఫైల్.

16ని పూర్తిగా తీసిపారేయొద్దు కూడా. 1366 ఇంటూ 768 స్క్రీన్‌కి ఒక్క ఫ్రేమ్ 32 బిట్లతో సుమారు 42 లక్షల బైట్లు, 16తో అందులో సగం. సిగ్నల్ ఒక గీత మీద ఆడుతుంటే రెమ్మినాలో కలర్ డెప్త్ 16 పెట్టుకుని రిమోట్‌గా పని చేసుకోండి, హాయిగా నడుస్తుంది. గుంట ఫోటో మాత్రం ఆ రిమోట్ విండోలో చూడకండి, మీ మెషిన్‌లోకి దించుకుని చూడండి. గ్రెప్‌లో వింత లైన్ ఏదన్నా వస్తే కామెంట్‌లో పెట్టండి, చూస్తాను.