రోల్ నంబరు ఒక్కటే చాలదు
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నా ఉద్యోగం యంత్రాల్లో ఉండే చిన్న చిప్‌లకు సీ భాషలో ప్రోగ్రాములు రాయడం. అందులో ఒక్క విషయం మాత్రం మనవి చేస్తాను.

పొలాల్లో, చెరువుల దగ్గర మోటార్లకు ఫోన్ స్టార్టర్లు మీరు చూసే ఉంటారు. రైతు ఇంట్లోంచే ఫోన్ చేసి మీట నొక్కుతాడు. ఆ మీట స్వరాన్ని ఎంటీ8870 లాంటి చిప్ గుర్తుపట్టి, నాలుగు తీగల మీద 0 నుంచి 15 లోపు ఒక సంఖ్యగా అందిస్తుంది. చిత్రమేమిటంటే, సున్నా మీట నొక్కితే వచ్చేది 0 కాదు, 10. నక్షత్రానికి 11, హ్యాష్‌కు 12.

ఇప్పుడు ఏ సంఖ్యకు ఏ పని? "ఒకటా? కాదు. రెండా? కాదు" అని వరసగా అడుగుతూ పోవడం ఒక పద్ధతి. అది మాస్టారు ప్రతి బెంచీ దగ్గరా ఆగి "37వ నంబరు నువ్వేనా?" అని అడగడం లాంటిది. హాజరు పట్టీ తెరిచి నేరుగా 37వ వరస చూడటం రెండో పద్ధతి. దాన్నే జంప్ టేబుల్ అంటాం. స్విచ్‌లో కేసులు దగ్గర దగ్గర సంఖ్యలై, తగినన్ని ఉంటే కంపైలర్ తరచుగా ఈ పట్టికను తానే కడుతుంది. 1, 100, 5000 అని దూరదూరంగా ఉంటే పోలికలతోనే సరిపెడుతుంది. ఫంక్షన్ల చిరునామాలతో మనమూ సొంతంగా పట్టిక కట్టుకోవచ్చు. అయితే మూడు నాలుగు కేసులకు అంత హంగామా అక్కర్లేదు.

అసలు మెలిక ఇక్కడుంది. అరవై మంది ఉన్న తరగతిలో 61వ నంబరు అడిగితే మాస్టారు నవ్వి ఊరుకుంటారు. చిప్‌కు ఆ వివేకం లేదు. పట్టిక దాటాక ఏది కనిపిస్తే దాన్నే చిరునామా అనుకుని దూకేస్తుంది. స్విచ్ రాస్తే ఈ హద్దు కంపైలరే చూసుకుంటుంది. సొంత పట్టికలో మనమే చూసుకోవాలి. నాలుగు తీగలు చదవాల్సిన చోట ఎనిమిది బిట్ల పోర్టంతా చదివితే చాలు, సంఖ్య 15 దాటిపోతుంది.

కైకలూరు వైపు ఒక చెరువులో ఏరేటర్‌కు అలాంటి స్టార్టరే ఉందనుకోండి. రాత్రంతా తగ్గుతూ వచ్చిన ప్రాణవాయువు తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ మోటారు ఆగితే చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. రైతు ఏడాది కష్టం కళ్లముందే పోతుంది.

అందుకే మూడు జాగ్రత్తలు. దూకేముందు హద్దు చూడాలి. పట్టికలో పదహారు గళ్లూ నింపాలి, పని లేని గడిలోనూ "ఏమీ చేయకు" అనే ఫంక్షన్ ఉండాలి. స్విచ్ అయితే డిఫాల్ట్ తప్పనిసరి. మిస్రా సీ నియమాలు చెప్పేదీ అదే. తెలియని సంఖ్య వస్తే తిరుగుతున్న మోటారును తిరగనివ్వాలి.

"ఖాళీలు వదలకండిరా" అని మన గురువులు పరీక్ష హాల్లో చెప్పిన మాటే నా వృత్తిలో నాకు అక్కరకొచ్చింది.