పచ్చిక మీది ఆట, మెట్ట నేలలో విడిది

సెలవులు వచ్చినవనగా నాలుగు దినములు ఊరు విడిచి ఎక్కడికైనను పోయి రావలెనన్న కోరిక నేడు సామాన్య కుటుంబములలో కూడ పాదుకొన్నది. కొందరు తిరుమల పోవుదురు, కొందరు ఉదకమండలము పోవుదురు, కొందరికి సముద్రతీరము ఇష్టము. ఈ నడుమ మరియొక తీరు విహారము మాటలలో వినవచ్చుచున్నది. ఉదయము గోల్ఫు ఆడుట, మధ్యాహ్నము మంచి భోజనశాలలో విందు, సాయంకాలము అలవాటున్నవారు పానశాలకు పోవుట, రాత్రి దగ్గరలోనే సుఖమైన హోటలులో బస. ఇట్టి యాత్రను అనంతపురమునుండి ఎట్లు కూర్చుకొనవలెను? కూర్చుకొనునప్పుడు ఏ సంగతులు మనసులో ఉంచుకొనవలెను? ఈ రెండే నేటి నా ప్రసంగమునకు విషయములు.

అనంతపురము, గోల్ఫు అను రెండు మాటలు పక్కపక్కన వినగానే కొందరికి నవ్వు రావచ్చును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు నేల ఇది. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. తూర్పు తీరము దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనము ఇక్కడికి చేరునప్పటికి నీరసించును. వేరుసెనగ చేనికి ఊడలు దిగు వేళ ఒక్క పదును వాన కురియక రైతు సంవత్సరపు కష్టము మట్టిపాలైన ఏండ్లు ఎన్నో. ఇట్టి చోట పచ్చిక బయళ్ల ఆట ఎక్కడిదని అడుగుట సహజమే.

కాని కాలము మారుచున్నది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారమునకు ఒడంబడిక జరిగినది. 2019లో అక్కడ తయారైన కార్లు వీధులకెక్కినవి. దానివెంట కొరియా దేశపు ఉద్యోగులు వచ్చిరి. వారి కొరకు ఆ దేశపు వంటకములు వండు భోజనశాలలు, బసలు పెనుకొండ పరిసరములలోను, అనంతపురములోను వెలసినవి. గోల్ఫు కొరియనులకు ప్రీతిపాత్రమైన ఆట. బెంగుళూరులో పనిచేయు మన యువకులలో కూడ ఆ అలవాటు కొందరికి అబ్బినది. కావున ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు.

మొదట ఆడుచోటు సంగతి చూతము. అనంతపురమునుండి దక్షిణముగా 44వ జాతీయ రహదారి పట్టినచో బెంగుళూరు సుమారు 215 కిలోమీటర్లు. ఆ నగరపు నడిబొడ్డున బెంగుళూరు గోల్ఫు క్లబ్బు ఉన్నది; అది 1876లో ఏర్పడినది. చల్లఘట్టలో కర్ణాటక గోల్ఫు సంఘమువారి మైదానము కలదు. నగరము చేరకమునుపే, నందికొండల పాదముకడ, ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ అను మైదానమున్నది. దానిని ఆనుకొనియే పెద్ద హోటలు కూడ కలదు. అనంతపురమునుండి పోవువారికి దారిలో ముందు తగులునది ఇదే.

గోల్ఫు మైదానములు సంతబయలు వంటివి కావు. ఇష్టము వచ్చినప్పుడు పోయి దిగుటకు వీలుండదు. కొన్ని క్లబ్బులలో సభ్యుని అతిథిగా తప్ప ప్రవేశము దొరకదు. కొన్నిచోట్ల రుసుము చెల్లించి ఆడవచ్చును. ఆట మొదలుపెట్టు వేళను ముందుగా కేటాయింపించుకొనవలెను. శనివారము, ఆదివారము రద్దీ హెచ్చు. నడివారములో చాలచోట్ల రుసుము తక్కువ. కాలరు చొక్కా, తగిన పాదరక్షలు ఉండవలెను. 18 గుంతల ఆట పూర్తియగుటకు నాలుగు గంటలు, ఆపైన పట్టును; ఏడెనిమిది కిలోమీటర్ల నడక అగును. కావున తెల్లవారుజామున మొదలుపెట్టుట మేలు. నవంబరునుండి ఫిబ్రవరివరకు ఇందుకు అనువైన కాలము. సంచి మోయు కాడీకి కూలి ఎంతయో ముందే తెలిసికొని, పని కాగానే చేతిలో పెట్టుట మర్యాద. అతని ఇంటి పొయ్యి ఆ కూలితోనే రగులును గదా.

ఇక పానశాల మాట. గోల్ఫు ఆటలో గుంతలు పద్దెనిమిది. ఆట ముగిసిన పిదప క్లబ్బులోని పానశాలను ఆటగాండ్రు వేడుకకు పందొమ్మిదవ గుంత అందురు. మన ప్రాంతమున ఈ పందొమ్మిదవ గుంతకు చరిత్ర పొడవైనదే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము అమలైనది. అప్పుడు అనంతపురము ఆ రాష్ట్రములోనిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమ ఫలితముగా 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ నిషేధము వచ్చినది; 1997లో సడలినది. 2019లో మద్యము దుకాణములను ప్రభుత్వమే చేపట్టినది. 2024లో అవి మరల ప్రైవేటువారి చేతులలోనికి పోయినవి. సరిహద్దుకు అటు ఒక నియమము, ఇటు ఒక నియమము. సీసాలను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించుటకు ఎక్సైజు చట్టములు అడ్డుపడును. త్రాగువాడు త్రాగిన చోటనే రాత్రి బస చేయవలెను; త్రాగి బండి నడుపరాదు. పానశాలకు, పడకకు నడుమ నడచిపోదగినంత దూరమే ఉండునట్లు చూచుకొనుట ఈ యాత్రలో మొదటి సూత్రము. అసలు త్రాగనివాడు ఇంకను అదృష్టవంతుడు. అతనికి ఈ పేరా అంతయు అనవసరము.

దూరము పోవుటెందుకు, మన మెట్టలోనే ఒక మైదానము ఎందుకు ఏర్పరచుకొనరాదని ఎవరైనను అడుగవచ్చును. ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. ఒక చిన్న లెక్క వేసి చూతము. వేసవిలో పచ్చిక బ్రతుకుటకు దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొందము. ఒక ఎకరమునకు అది 20 వేల లీటర్లు. 80 ఎకరముల పచ్చికకు 16 లక్షల లీటర్లు. గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున కుళాయినీరు ఇయ్యవలెనన్నది జలజీవన్ మిషన్ ప్రమాణము. అనగా ఒక్క దినము ఆ పచ్చిక త్రాగు నీరు 29 వేలమందికి ఆ దినపు నీరు. నలుగురు ఆటగాండ్ర ముచ్చటకు పది పల్లెల బిందెలు బోర్లించుట ఎట్టి న్యాయము? 1990 దశాబ్దములో పుట్టపర్తి సత్యసాయి సంస్థవారు ఈ జిల్లాలో వందలకొలది గ్రామములకు త్రాగునీరు చేర్చు పథకము నిర్మించినప్పుడు జనము ఎంత సంతోషించిరో ఇక్కడివారెవరును మరువలేదు. బిందె విలువ తెలిసిన సీమ ఇది.

అట్లని ఆటనే నిందించుట సరికాదు. గోల్ఫు పుట్టినది స్కాట్లండులో, సముద్రపుటొడ్డు ఇసుకనేలలమీద. దున్నుటకు పనికిరాక గొఱ్ఱెలు మేయుటకు విడిచిన నేలలవి. అక్కడ ఎవరును గొట్టములు వేసి నీరు పెట్టలేదు. మంచు, వాన ఏది ఇచ్చిన అదే. జనము విలువిద్య మాని ఈ ఆటలో పడిరని 1457లోనే స్కాట్లండు పార్లమెంటు దీనిని నిషేధించినది. ఐనను ఆట చావలేదు. సెంట్ ఆండ్రూస్‌లో 1764వరకు ఒక ఆటకు 22 గుంతలు. ఆ ఏట వానిని పద్దెనిమిదికి తగ్గించిరి. అదే పిమ్మట లోకమంతటికి నియమమైనది. కావున పట్టు తివాచీ వంటి పచ్చిక ఆటకు ప్రాణము కాదు. తరువాత తొడిగిన నగ.

ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పీడీ అను ఒక రత్నపుగనుల ఊరున్నది. అక్కడ జనము ఎండకు తాళలేక నేలలో తొలిచిన ఇండ్లలో కాపురముందురు. ఆ ఊరికి గోల్ఫు మైదానమున్నది. అందు గడ్డిపోచ లేదు. గుంతలచుట్టు ఇసుకను నూనెతో కలిపి చదును చేయుదురు. ఆటగాడు అరచేయంత కృత్రిమపు గడ్డిముక్కను వెంట తీసికొనిపోయి, దానిమీద బంతినుంచి కొట్టును. ఎండ తప్పించుకొనుటకు రాత్రిపూట వెలుగు బంతులతో ఆడుటయు కలదు. కరవునేల మనుషులు తమ నేలను మార్చక, ఆటను నేలకు తగినట్లు మార్చుకొన్నారు. అనంతపురమున ఎప్పటికైనను గోల్ఫు రావలెనన్నచో ఈ దారిన రావలెను. లేదా ఊరి మురుగునీటిని శుద్ధిచేసి పారించిన పచ్చికమీద రావలెను. బోరుబావి తవ్వి మాత్రము రాకూడదు.

అంతవరకు మనకు చక్కని మార్గమొకటి ఉన్నది. ఆట అక్కడ, విహారము ఇక్కడ. మూడు దినముల యాత్ర చెప్పెదను, వినుడు.

మొదటి దినము ఉదయము అనంతపురము విడిచి, ఫలాహారమునకు ఉగ్గాని, బజ్జి తినవలెను. నానిన బొరుగులమీద పప్పులపొడి చల్లి పోపు పెట్టిన ఉగ్గానికి సాటి ఏ హోటలు పట్టికలోను లేదు. పెనుకొండ సుమారు 70 కిలోమీటర్లు. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఊరది. గగనమహలు చూచి, కోట మెట్లెక్కి, అక్కడనుండి లేపాక్షికి పోవలెను. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిన వీరభద్రాలయము, కప్పుమీది చిత్రములు, ఏకశిలానంది సాయంకాలపుటెండలో చూడవలెను. 2022లో ఈ ఆలయము యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినది. మధ్యాహ్నము రాగిసంగటి, వేరుసెనగ పచ్చడి, మాంసాహారులకు నాటుకోడి పులుసు. రాత్రి లేపాక్షిలోనో హిందూపురములోనో బస.

రెండవ దినము చీకటితో లేచి కొడికొండ సరిహద్దు దాటి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురము మీదుగా నందికొండల పాదము చేరవలెను. రాష్ట్రము మారినను బాగేపల్లి అంగళ్లలో తెలుగు మాట మారదు. ఆట, భోజనము, పానము, పడక అన్నియు ఒక్కచోటనే ముగించుకొనవలెను.

మూడవ దినము తిరుగుప్రయాణము. కదిరివైపు మరలినచో తిమ్మమ్మ మర్రిమాను కనబడును. ఒకే చెట్టు సుమారు ఐదెకరముల నేలపై గొడుగుపట్టి నిలిచినది. 1989లో గిన్నిస్ గ్రంథమున అతిపెద్ద మర్రిగా పేర్కొనబడినది. ఎవరును యంత్రముతో నీరు పెట్టక, ఎండిన నేలలో ఊడలు దించి తనంత తానుగా నిలిచిన ఆ చెట్టు నీడలో ఒక గంట కూర్చున్నచో పచ్చదనము ఎట్లు సంపాదించవలెనో తెలియును.

ఇంకొక దినము తీరిక ఉన్నవారు ఉత్తరముగా గుత్తికోట చూడవచ్చును. గోల్ఫు పుట్టిన స్కాట్లండులో, గ్లాస్గోలో 1761లో జన్మించిన థామస్ మన్రో 1800నుండి 1807వరకు ఈ దత్తమండలములకు ప్రధాన కలెక్టరు. 1827లో పత్తికొండలో కలరాతో మరణించగా ఆయనను మొదట ఖననము చేసినది గుత్తిలోనే. మెట్టనేలను ఊరూర తిరిగి తెలిసికొన్న ఆ స్కాటుదేశీయుని మన పెద్దలు మన్రోలప్ప అని పిలిచిరి.

చివరిగా ఒక్క మాట. విహారమునకు పోవువాడు హోటలులో దిగగానే అడుగు ప్రశ్నలు రెండు: గది ఎంత, భోజనము ఎప్పుడు. మూడవ ప్రశ్న ఒకటి నేర్చుకొందము: ఈ నీరు ఎక్కడిది? శుద్ధిచేసిన నీరని చెప్పినచో సంతోషముగా ఆడుదము. పక్కపల్లె బోరునుండి తెచ్చిన ట్యాంకరు నీరని చెప్పినచో మరియొక చోటు వెదకుకొందము. డబ్బిచ్చువాడు అడిగినప్పుడే అమ్మువాడు ఆలోచించును. అనంతపురము పుట్టినదే ఒక చెరువు వలన. ఆ చెరువుకట్ట ఒక కొనను అనంతసాగరము, మరియొక కొనను బుక్కరాయసముద్రము వెలసినవని స్థలచరిత్ర. చెరువు పేరు పెట్టుకొన్న ఊరివారము నీటి సంగతి అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.