బిరుదములు - మారుపేరులు



ఈ రజతోత్సవ సందర్భమున మన చెడుగుడు జట్టు యువకులకును, గ్రంథాలయమునకు విరాళము లిచ్చిన దాతలకును బిరుదము లొసగవలెనని కొందరు మిత్రులు తలపెట్టినారు. సంకల్పము మంచిదే. కాని గ్రామ లెక్కలు వ్రాయుచు తల నెరసినవాడను గనుక, ఏ పద్దు చూచినను దాని ఆధారము వెదకుట నాకు అలవాటు. బిరుదమును ఒక పద్దే.

విరాటపర్వమున బృహన్నల తాను అర్జునుడనని చెప్పగా ఉత్తరుడు వెంటనే నమ్మలేదు. అర్జునుని పది పేరులను, ఒక్కొక్కటి ఏల వచ్చెనో ఆ కారణమును చెప్పుమనెను. పిరికివాడని మనము నవ్వుకొను ఉత్తరుడు ఎంత గడుసు ప్రశ్న వేసెనో చూడుడు! అర్జునుడు కోపింపక లెక్క అప్పగించెను. ఫల్గునీ నక్షత్రమున పుట్టుటచే ఫల్గునుడు. ఇంద్రుడు కిరీటము పెట్టుటచే కిరీటి. రాజులను గెలిచి ధనము తెచ్చుటచే ధనంజయుడు. రెండు చేతులతోను వింటినారి లాగుటచే సవ్యసాచి. పుట్టుకతో వచ్చినవి, ఒకరిచ్చినవి, పనివలన వచ్చినవి - ఇవి మూడు తెరగులు.

నేటి క్రీడాకారుల పేరులను ఇట్లే పరిశీలింతము. కేరళమున పయ్యోలి అను ఊర పెరిగిన పి.టి. ఉషను "పయ్యోలి ఎక్స్‌ప్రెస్" అనిరి. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో 400 మీటర్ల హర్డిల్సు పరుగున సెకనులో నూరవ వంతు తేడాతో ఆమెకు కాంస్యపతకము తప్పిపోయెను. 1986 సియోలు ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణములు గెలిచెను. ఊరిపేరు అడుగకయే వచ్చినది; ఎక్స్‌ప్రెస్ అనునది మాత్రము కాళ్లతో సంపాదించినది.

1960లో లాహోరున మిల్ఖా సింగు పాకిస్తాను వీరుడైన అబ్దుల్ ఖాలిక్‌ను పరుగున మించగా, ఆ దేశాధ్యక్షుడు అయూబ్ ఖాన్ ఆయనను "ఎగిరే సిక్కు" అని మెచ్చుకొనెను. ఎదిరిపక్షమువారి నోట వచ్చిన మాటకంటె గట్టి సాక్ష్యమేమి కలదు?

ధ్యాన్ సింగు అను సైనికుడు కొలువు ముగిసిన పిదప వెన్నెలలో హాకీ సాధన చేయుచుండుటచే తోడివారు ఆయనను "చాంద్", అనగా చంద్రుడు, అని పిలిచిరని చెప్పుదురు. 1928, 1932, 1936 ఒలింపిక్సులలో స్వర్ణములు గెలిచిన ధ్యాన్ చంద్ ఆయనయే. ఆ పేరు పతకములకు ముందే వచ్చినది. అది మెచ్చినది విజయమును గాదు, సాధనను.

మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు ఛాతికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచెడివారు. జనులు "కలియుగ భీముడు" అనిరి. ఆయన 1942లో గతించినను ఆ పేరు గతింపలేదు. భారతము చదువువారున్నంతకాలమే ఆ బిరుదమునకు అర్థము. గ్రంథాలయము బిరుదములను కాపాడు విధమిది.

నాలుగవ తెరగు పరిహాసము. బ్రెజిలు దేశమున ఎడ్సన్ అను బాలుడు బిలే అను గోల్‌కీపరు పేరును సరిగా పలుకలేకపోగా, తోడిపిల్లలు "పెలే" అని గేలిచేసిరి. ఆ పేరు ఆయనకు నచ్చలేదు. ఆయన ఆట ఆ గేలిని కీర్తిగా మార్చెను. కాని ప్రతి బాలుడును పెలే కాజాలడు. మన వీధులలో కాలు వంకర పోయినవానిని, నత్తి గలవానిని ఆ లోపముతోనే పిలుచుచున్నారము. ఆ పిలుపును వాడు ముసలితనమువరకు మోయవలసినదే.

ఇక ఇచ్చువారి సంగతి. సైనిక, విద్యావిషయకములు తప్ప వేరు బిరుదములను ప్రభుత్వము ఇయ్యరాదని మన రాజ్యాంగపు 18వ అధికరణము శాసించుచున్నది. పద్మ పురస్కారములు బిరుదములు కావనియు, పేరునకు ముందుగాని వెనుకగాని తగిలించుకొనరాదనియు 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రభుత్వమునకే అంత కట్టడి యుండగా మనకు కొంత వలదా?

కావున నా విన్నపములు మూడు. ఏ బిరుద మిచ్చినను దాని కారణమును ఒక్క వాక్యమున సభలో చదువుడు. చదువ వీలుగానిచో శాలువయు, ఒక పుస్తకమును ఇచ్చి ఊరకుండుడు. దాతను కర్ణుడనుటకంటె ఆయన పేరును, ఇచ్చిన మొత్తమును గోడపై స్పష్టముగా వ్రాయించుట మేలు. యువకులకు ఆటస్థలము చదును చేయించి యిండు. బిరుదములు పొరుగూరివారే యిత్తురు. లోపములతో పిలుచు పిలుపులను మాత్రము నేటితో మానుదము. దానికి తీర్మానము అక్కరలేదు.

సెలవు.