కళ్ళ ముందున్న ఉపమానాలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ధార్మిక గురువులు నిత్యజీవితం నుంచి తీసుకుని చెప్పిన ఉపమానాల గురించి మాట్లాడమని కమిటీవారు కోరారు. మేము ఆలిములం కాము. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. కనుక ఈ విషయాన్ని బడి వైపు నుంచే చూడగలం. బి.ఎడ్.లో చేరిన మొదటి నెలలోనే ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక సూత్రం నేర్పుతారు: తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకెళ్ళాలి. భిన్నాలు చెప్పాలంటే రొట్టె తుంచి చూపించు, ఆవిరి గురించి చెప్పాలంటే చాయ్ గిన్నె మూత చూపించు. ఈ సూత్రం ఏదో శిక్షణ కళాశాలలో పుట్టిందని అనుకుంటాం గాని, దివ్య ఖుర్ఆన్ చదివేవారికి ఇది కొత్త కాదు. దోమ అంతటి చిన్న ప్రాణి కూడా ఉపమానానికి పనికివస్తుందన్న మాట సూరా అల్ బఖరాలోనే ఉంది. సాలెగూడు ఉంది, విత్తనం ఉంది, వాన ఉంది, దీపం ఉంది. పుస్తకాల మూట మోసే గాడిద కూడా ఉంది. మా లాంటి ఉపాధ్యాయులు ఆ ఆయత్ దగ్గర కాసేపు ఆగి ముందుకు సాగాలి.

అయితే ఉపమానంలో మొదటి సగం వినేవాడి చేతిలో ఉండాలి. అది అతనికి తెలియనిదైతే రెండో సగం అతనికి అందదు. మన తరగతిలో జరిగిన సంగతే చెబుతాం. ఇంటి వాకిట్లో నది పారుతూ, రోజుకు ఐదుసార్లు అందులో స్నానం చేసేవాడి ఒంటి మీద మురికి నిలుస్తుందా, ఐదు పూటల నమాజు కూడా అలాంటిదే అని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) సహచరులకు బోధించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంతో బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు ఇది. చైతన్యపురి నుంచి వచ్చే ఒక చిన్నవాడు ఇది విని ముక్కు మూసుకున్నాడు. "టీచర్, మూసీలోనా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. వాడి తప్పేమీ లేదు. వాడు పుట్టాక చూసిన నది అదొక్కటే. ఎడారి దేశంలో నీటి విలువ తెలిసినవారికి చెప్పిన మాటను మూసీ ఒడ్డున పెరిగే పిల్లవాడికి చెప్పాలంటే మధ్యలో ఒక మెట్టు వేయాలి. నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్ళు ఎంత దూరం పైపుల్లో వచ్చి సాహెబ్‌నగర్ రిజర్వాయరుకు చేరి మన నల్లాల్లోకి వస్తాయో చెప్పాం. ఆ నల్లా రోజుకు ఐదుసార్లు, ఎవరూ బిల్లు అడగకుండా, మీ గుమ్మంలోనే వస్తే ఎలా ఉంటుందని అడిగాం. రోజు విడిచి రోజు బిందెలు పట్టే ఇంటి పిల్లలకు అది వెంటనే అర్థమైంది.

తప్పిపోయిన ఒంటె సంగతి కూడా ఇంతే. తిండీ నీళ్ళూ మోసే ఒంటెను ఎడారిలో పోగొట్టుకుని, ఇక చావే అనుకున్నవాడికి ఆ ఒంటె మళ్ళీ కనబడితే ఎంత సంతోషమో, దాసుడు పశ్చాత్తాపంతో మరలి వచ్చినప్పుడు అల్లాహ్‌కు అంతకంటే ఎక్కువ సంతోషమని హదీసు. మన పిల్లలకు ఒంటె అంటే బక్రీద్ రోజుల్లో ఫొటో దిగే జంతువు. పరీక్ష రోజు తెల్లవారుజామున నల్గొండ బస్సు దిగిన అబ్బాయి ఎల్‌బీనగర్‌లో సంచి పోగొట్టుకున్నాడని చెబుతాం. హాల్ టికెట్, ఫోన్, డబ్బులు అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్లలు ఊపిరి బిగపట్టి వింటారు. తర్వాత ఎడారిలో ఒంటె పోవడమంటే ప్రాణమే పోవడమని చెబితే అప్పుడు అది నిజంగా వారికి చేరుతుంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) బాగ్దాద్ నిజామియా మదరసాలో బోధించిన గురువు. 1111లో మరణించారు. పారసీలో రాసిన 'కీమియా యె సఆదత్'లో ఆయన మనిషి దేహాన్ని నగరంతో పోల్చారు. హృదయం రాజు, బుద్ధి వజీరు, కోరిక పన్నులు వసూలు చేసేవాడు, కోపం కొత్వాలు. కొత్వాలు లేని నగరంలో బతకలేము. కొత్వాలే గద్దె ఎక్కిన నగరంలో అసలే బతకలేము. మా పెద్దల కాలంలో ఈ నగరంలో కొత్వాల్ అంటే వివరించే పని లేదు, రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి గారి పేరు చెబితే చాలు. ఇప్పటి పిల్లలకు చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు అని చెప్పుకోవాలి. మాట మారినా పోలిక చెడలేదు.

ఇక అసలు మేము చెప్పదలచుకున్న సంగతి. ఈ ప్రాంతంలో అందరి నోటా వినబడే ఉపమానం ఒకటుంది. జీవితం ఒక పరీక్ష. ఇది నిజమే, ఖుర్ఆన్‌లో పరీక్ష అన్న మాట ఎన్నోసార్లు వస్తుంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ మాట అనేముందు వినేవాడెవడో చూడాలి. మెట్రో పిల్లర్లకు రెండు వైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, బ్యాంకు, కానిస్టేబుల్, ఎప్‌సెట్, నీట్. ఒక్కో హాస్టల్ గదిలో నలుగురైదుగురు. ఊరి నుంచి తండ్రి పంపిన డబ్బు అయిపోకముందే ఉద్యోగమో సీటో రావాలి. అలాంటి అబ్బాయి జుమా రోజు వచ్చి కూర్చుంటే, "బాబూ, ఇది పరీక్ష, పరలోకంలో ఫలితాలు, ఫెయిలైతే నరకం" అని గట్టిగా చెబితే అతనికి ఏం వినబడుతుంది? అల్లాహ్ కూడా మా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరులాంటివాడే అని వినబడుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్ష అన్న మాట బరువు తెలియక వాడకూడదు.

పోలిక పెట్టినవాడికి, అది ఎక్కడ ఆగిపోతుందో చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. మన పిల్లలకు మార్కుల లెక్క బాగా తెలుసు. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. రాయాలనుకుని రాయకపోతే సున్నా. ఇప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసును బోర్డు మీద వేసి చూడండి. మంచి పని చేద్దామనుకుని చేయలేకపోతే, ఆ అనుకున్నందుకే ఒక పుణ్యం. చేస్తే 10 నుంచి 700 వరకు, ఇంకా ఎక్కువ కూడా. చెడు చేద్దామనుకుని మానుకుంటే దానికీ ఒక పుణ్యమే. చేస్తే మాత్రం ఒకటే పాపం. మేము దీన్ని తరగతిలో రెండు గడులు గీసి పక్కపక్కన వేశాము. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "టీచర్, ఇందులో ఫెయిల్ చేయాలని అసలు చూడటం లేదు కదా" అంది. మా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కని జవాబు తక్కువసార్లు విన్నాము.

ఇంకొక తేడా ఉంది. పోటీ పరీక్షలో సీట్లు ఇన్ని అని ముందే ఉంటాయి. పక్కవాడికి వస్తే మనకు పోతుంది. అందుకే నోట్సు దాచుకుంటారు. స్వర్గంలో సీట్ల కోత లేదు. అక్కడ పక్కవాడికి చెప్పిన పాఠం మన ఖాతాలో కూడా పడుతుంది. ఈ రెండు తేడాలూ చెప్పకుండా జీవితం పరీక్ష అని ఊరుకుంటే, సగం చెప్పి భయపెట్టినట్టే.

కష్టాల్లో ఉన్నవారికి చెప్పే ఉపమానాలు మరీ జాగ్రత్తగా వాడాలి. మౌలానా రూమీ 'మస్నవీ' మూడో భాగంలో శనగగింజ కథ చెప్పారు. ఉడికే కుండలోంచి పైకి ఎగిరిన గింజ నన్నెందుకిలా కాలుస్తున్నావని మొరపెడుతుంది. వండే ఇల్లాలు గరిటెతో మళ్ళీ లోపలికి నెట్టి, నీకు రుచి రావాలనే గాని నీ మీద కోపంతో కాదని నచ్చజెబుతుంది. ఎంతో మంచి కథ. అయితే అది ఉడికేవాడు తనకు తాను చెప్పుకోవాల్సిన కథ. బిడ్డ పోయిన తల్లి దగ్గరికి వెళ్ళి, నువ్వు శనగగింజవమ్మా అని చెప్పేవాడికి కుండ వేడి తెలియదు. అక్కడ అన్నం పట్టుకెళ్ళడమే పని.

కొన్ని ఉపమానాలు పూర్తిగా మానేయడమే మేలు. ఫోన్లలో ఒకటి తిరుగుతూ ఉంటుంది. కాగితం చుట్టిన మిఠాయి, చుట్టని మిఠాయి, దాని మీద ఈగలు. పరదా గురించి ఆడపిల్లలకు చెప్పడానికట. మన పదో తరగతి అమ్మాయి దాన్ని చూసి, "టీచర్, మేము మిఠాయిలమైతే వాళ్ళు ఈగలే కదా, మరి ఈగలకు ఎవరు చెబుతారు?" అని అడిగింది. సూరా అన్ నూర్‌లో చూపు దించుకోమన్న ఆదేశం ముందు పురుషులకు వస్తుంది, ఆ తర్వాతి ఆయత్‌లో స్త్రీలకు. ఆ వరుస కూడా మిఠాయి పోలికలో ఎగిరిపోయింది. అమ్మే వస్తువుతో మనిషిని పోల్చి గౌరవం నేర్పలేము.

సహచరులలో హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ హదీసు మాత్రం ఎల్‌బీనగర్ కోసమే చెప్పినట్టుంటుంది. ఒక ఓడలో కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్ళకోసం పైకి వెళ్ళి రావాల్సి వస్తోంది. పైవారికి ఇబ్బంది ఎందుకు, మన వంతులోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు చూస్తూ ఊరుకుంటే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. చెడును ఆపాలని చెప్పడానికి దీన్ని వాడతాం. కానీ ఒక సంగతి తరచు వదిలేస్తాం. రంధ్రం చేయాలనుకున్నవారు దుర్మార్గులు కారు. ఇతరులను ఇబ్బంది పెట్టకూడదనే అనుకున్నారు. మరి వారి దాహం సంగతి పైవారు ముందే చూసి ఉంటే?

2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునగడం ఈ సభలో చాలామంది కళ్ళారా చూశారు. కోదండరాంనగర్‌లో నడుములోతు నీళ్ళు. ఆ నీళ్ళు ఆకాశం నుంచి నేరుగా అక్కడే పడినవి కావు. ఎగువ కాలనీల నుంచి, ఎగువ చెరువుల నుంచి, మనం నాలాలో వేసిన చెత్త అడ్డుపడి, మనం వదిలిన దారిలో వచ్చినవి. నాలా మీద గది వేసుకున్నవాడు కూడా నా వంతులోనే కదా అనుకుంటాడు. వరద నీళ్ళు మసీదు గల్లీ, గుడి గల్లీ అని చూసి రాలేదు. అన్నం పొట్లాలు పంచిన మన కుర్రాళ్ళూ అలా చూసి పంచలేదు. ఓడ హదీసుకు వ్యాఖ్యానం ఆ నాలుగు రోజుల్లోనే విన్నాము.

చివరగా, ఇది దానధర్మాల సంస్థ కనుక ఒక మాట. దానానికి ఖుర్ఆన్‌లో రెండు పోలికలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒకటి, ఏడు కంకులు వేసి, కంకికి నూరు గింజలు కాసే విత్తనం. దీన్ని ప్రతి చందా పుస్తకం మీదా అచ్చు వేస్తాం. రెండోది, పలుచటి మట్టి పొర ఉన్న బండ. గట్టివాన పడితే మట్టి కొట్టుకుపోయి నున్నటి రాయి మిగులుతుంది. ఇచ్చి దెప్పేవారి, చూపు కోసం ఇచ్చేవారి దానం అలాంటిది. దీన్ని ఎక్కడా అచ్చు వేయం. హైదరాబాద్‌వాళ్ళకు బండను వర్ణించి చెప్పాలా? తొలకరికి ఆ పొర మీద పచ్చగా గడ్డి మొలుస్తుంది, చూడటానికి పొలంలాగే ఉంటుంది.

రంజాన్ కిట్లు ఇచ్చేటప్పుడు తీసిన ఫొటోల్లో, సంచి అందుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్న ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె మనుమరాలు మన తరగతికే వస్తుంది. ఈ సంచికలో తీసుకున్నవారి ఫొటోలు వేయవద్దని మేము కమిటీని కోరాము. కొందరు దాతలకు అది నచ్చలేదు. ఫొటో లేకపోతే మా డబ్బు ఎటు పోయిందో ఎలా తెలుస్తుందని అడిగారు. అడగడం న్యాయమే. బహిరంగంగా ఇవ్వడమూ మంచిదేనని, పేదలకు గుట్టుగా ఇవ్వడం మరింత మంచిదని ఖుర్ఆన్ రెండు మాటలూ చెప్పింది. అందుకని ఎన్ని బస్తాల బియ్యం కొన్నాం, ఎందరి ఫీజులు కట్టాం అనే పట్టికను సంచిక చివర ఇస్తున్నారు. రసీదులన్నీ ఆఫీసులో ఉంటాయి. జుమా నమాజు తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వచ్చే నెల నుంచి కిట్లు కూడా ఇక్కడికి పిలిచి ఇవ్వడం మానేసి, ఇషా తర్వాత ఇళ్ళకు చేర్చాలని అనుకున్నాం. అందుకు స్కూటర్ ఉన్నవారు ఆరుగురు కావాలి. పేర్లు ఈ రోజే ఇచ్చి వెళ్ళండి.