పాత చందమామలు



ఉపాధ్యాయుడనై యుండగా ఒకనాడు ఒక బాలుని పుస్తకముల నడుమ దాగిన చందమామను లాగికొంటిని; మరల ఇయ్యనైతిని. కావ్యములు చదివినానను గర్వ మట్టిది. ఉద్యోగవిరమణానంతరము బాగ్ లింగంపల్లి యింట పెట్టె సర్దుచుండగా ఆ సంచిక దొరకినది. చదివితిని. ఒక్క పొల్లుమాట లేదు. శంకర్ గారి విక్రమార్కుడు శవమును భుజమున నిడుకొని నడచుచుండగా పుట త్రిప్పబుద్ధి కాలేదు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసున ఆరంభించిన ఆ పత్రికను 1952 మొదలు 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు తీర్చిదిద్దిరి. ఇప్పుడది వెలువడుట లేదు. అందుచే ఆదివారములందు ఆబిడ్సు కాలిబాటపై పాతసంచికలు వెదకి కొని, కుట్టించి, మనుమనితో మరల మరల చదువుచున్నాను.

ఆ బాలు డెచ్చట నున్నాడో ఎరుగను. వాని సంచికను వానికై దాచితిని. మీ యటకలపై నున్నవానిని తూకమున కమ్మకుడు. ఇంతే నా మనవి.