చివరి రోజుల సేవ: మా విద్యార్థినులకు ఏం నేర్పుతున్నాం?



నర్సింగు పాఠాలు చెప్పే మనిషిని గనుక టీకాల గురించో, బాలింతల ఆహారం గురించో మాట్లాడతానని మీరనుకొని వుంటారు. నేను తీసుకున్న విషయం కొంచెం బరువైనది. ఇక నయంకాదని తేలిన రోగి తన చివరి రోజులు ఎలా గడవాలనుకుంటున్నారో ముందుగా అడిగి రాసిపెట్టుకోవాలి. ఈ పని విద్యార్థినులకు నేర్పుతున్నాం.

మన యిళ్ళలో ఈ ప్రస్తావన తెస్తే "మన్హూస్ మాటలొద్దు" అని గదమాయిస్తారు. కాని మనకిది కొత్త కాదు. మదీనాలో రుఫైదా అల్ అస్లమియా క్షతగాత్రులకు మస్జిదులో గుడారం వేసి సేవచేసింది. ఖందక్ యుద్ధంలో బాణం తగిలిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గారిని ఆ గుడారంలోనే వుంచారు. ఆ గాయంతోనే ఆయన కన్నుమూశారు. బతకని మనిషికి చేసిన సేవ కూడా సేవే గదా!

క్లాసులో ఒకమ్మాయిని రోగిగా, ఒకమ్మాయిని పెద్దకొడుకుగా, ఒకమ్మాయిని నర్సుగా కూర్చోబెడతాం. "అబ్బాకు క్యాన్సరని చెప్పొద్దు సిస్టర్" అంటాడు కొడుకు. "నాకేమైంది బేటీ?" అంటాడు తండ్రి. మొదటిసారి ప్రతి అమ్మాయీ ఒకటే జవాబు: "ఏం కాదు చాచా, తగ్గిపోతుంది." దయతో చెప్పిన అబద్ధమే. కాని ఆయన తీర్చాల్సిన అప్పు, అప్పగించాల్సిన అమానతు, రాయాల్సిన వసీయతు, తమ్ముడితో తెగిపోయిన మాటలు అన్నీ అలాగే వుండిపోతాయి. జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని. "మీకేమనిపిస్తోంది చాచా? ఎంతవరకు తెలుసుకోవాలని వుంది?" అని అడిగి, ఆ తర్వాత మాట్లాడకుండా వినడం నర్సు పని. నిజానికి ఇంజెక్షను వెయ్యడంకన్నా ఇదే కష్టం. ఒక్క నిమిషం మౌనాన్ని పిల్లలు భరించలేరు!

అడగాల్సినవి చాలా వున్నాయి. ఇంట్లో వుంటారా, ఆస్పత్రిలోనా? ఊపిరి ఆగిపోతే యంత్రం పెట్టాలా? మీరు మాట్లాడలేనప్పుడు ఎవరి మాట వినాలి? ముస్లిం రోగి అయితే మంచం ఖిబ్లా వైపు తిప్పడం, పరదా, పక్కన కలిమా చదివేవారిని రానివ్వడం, జనాజా ఆలస్యం కాకుండా కాగితాలు త్వరగా పూర్తిచేయడం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. అడిగితేనే తెలుస్తాయి.

చట్టం కూడా తోడుగా వుంది. సుప్రీంకోర్టు 2018లో ఇలాంటి ముందస్తు పత్రానికి గుర్తింపునిచ్చి, 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకంపెట్టి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. మనసు మారితే రద్దుచేసుకోవచ్చు. అయినా యంత్రం తీసే ముందు రెండు వైద్య బృందాలు పరిశీలించాలి.

"ఇది ప్రాణం తీయడం కాదా?" అని పెద్దలు అడుగుతారు. కాదు. ప్రాణంతీసే ఇంజెక్షనుకు చట్టమూ ఒప్పుకోదు, షరీఅత్ అసలే ఒప్పుకోదు. 1981లో కువైట్‌లో వెలువడిన ఇస్లామిక్ వైద్య నియమావళి, ప్రాణం తీయరాదంటూనే, వైద్యుడు తన హద్దు తెలుసుకోవాలని కూడా చెప్పింది. సందేహముంటే మీ ఆలిం సాహెబును అడగండి. కాని ఐ.సి.యు. గుమ్మం దగ్గర నిలబడి కాదు, ఇంట్లో అందరూ ఆరోగ్యంగా వున్నప్పుడే అడగండి.

నొప్పి సంగతి ఒకటి మిగిలింది. మార్ఫిన్ అంటే మత్తుమందని భయపడి చాలామంది రోగిని బాధతోనే వుంచేస్తారు. డాక్టరు లెక్క ప్రకారం ఇస్తే అది మందే. ఆస్పత్రులకు అది తేలిగ్గా దొరికేటట్టు 2014లో చట్టం సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఇందుకోసం ప్రత్యేక విభాగమే వుంది.

భోజనాలయ్యాక ఆడవారి వైపు మా విద్యార్థినులు ఇద్దరు నమూనా పత్రాలతో కూర్చుంటారు. ఊరికే చదివి చూడండి. సంతకం ఎవరూ అడగరు.