మట్టిపొరలు చెప్పెడి కథ

బాలబాలికలారా, మీ యింట దినపత్రికలను ఒకదానిపై నొకటి పేర్చుచు వచ్చినచో, అన్నిటికంటె పాతది అడుగునను, నేటిది పైనను ఉండును గదా! ఎవరును కదలింపని నేలయందలి మట్టిపొరలును సామాన్యముగా నట్టివే. క్రిందిపొర ప్రాచీనకాలమును, పైపొర తదనంతరకాలమును దెలుపును. ఈ చిన్న సూత్రమే పురావస్తుశాస్త్రమునకు గొప్ప ఆధారము.

మన కృష్ణాతీరమందలి నాగార్జునకొండ లోయ జలాశయమున మునుగనున్నదని యెఱిగి, 1954 మొదలు 1960 వరకు అచ్చట విస్తారముగా త్రవ్వకములు సాగించిన పండితులకు, శిలాయుగమానవుని రాతి పనిముట్లు మొదలుకొని, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలోని స్తూపములు, విహారములు, మెట్లవరుసల రంగస్థలము వరకు, వేలయేండ్ల మానవజీవితము గోచరించినది. వానిలో కొన్ని కట్టడములను విప్పి, కొండమీదను, అనుపు అను చోటను మరల నిర్మించిరి.

అయితే త్రవ్వుట యనగా గునపముతో పెల్లగించుట కాదు. చిన్న తాపీతో మట్టిని మెల్లగా గీచి, కుంచెతో దులిపి, ప్రతి వస్తువు ఏ పొరలో, ఎంత లోతున, వేనిచెంత దొరకెనో కొలిచి, వ్రాసి, చిత్రించి, ఆ పిమ్మటనే పైకి దీయుదురు. దొరకిన చోటు తెలిసిన కుండపెంకు ఒక సాక్షి. ఆ చోటు తెలియనిచో నది దాదాపు మూగదియే.

కావున, పొలమునందో, చెరువుగట్టుననో పాతకాలపు వస్తువేదైన మీ కంటబడినచో, దానిని కదలింపక, మీ ఉపాధ్యాయులకు దెలుపుడు. అది మన పూర్వులు మనయందఱి కొఱకు విడిచిపోయిన సందేశము. దానిని చెఱుపక చదువుటయే మన ధర్మము.